వల విసిరే చేతుల చరిత్ర

1949 ఏప్రిల్ 11. రాజ్యాంగ రచన ఇంకా పూర్తి కాలేదు. న్యూఢిల్లీలోని కాన్‌స్టిట్యూషన్ హౌస్‌లో వింధ్యప్రదేశ్ పరిశ్రమల మంత్రి రావ్ శివ్ బహదూర్ సింగ్ చేతికి పాతిక వేల రూపాయలు అందాయి. ఇచ్చినది పన్నా వజ్రాల గనుల సిండికేట్ తరఫు మనిషి. వెనువెంటనే పోలీసులు ప్రవేశించారు. వారి వెంట ఒక మేజిస్ట్రేటు కూడా ఉన్నాడు. రీవాలోని ప్రత్యేక న్యాయమూర్తి మంత్రిని నిర్దోషిగా వదిలిపెట్టారు. జ్యుడీషియల్ కమిషనర్ ఆ తీర్పును తిరగదోడి శిక్ష వేశారు. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 1954లో అత్యున్నత న్యాయస్థానం శిక్షను ఖరారు చేస్తూనే, పట్టుకున్న పద్ధతిని మాత్రం గట్టిగా తప్పుపట్టింది. అవినీతిని బయటపెట్టడానికి ఉచ్చు పన్నవలసిన అవసరం ఒక్కోసారి రావచ్చు. అయితే లంచం ఇచ్చేవాడి వద్ద లేని డబ్బును పోలీసులే సమకూర్చి నేరం జరిపించడం సమర్థనీయం కాదని చెప్పింది. న్యాయం చెప్పవలసిన మేజిస్ట్రేటును ఉచ్చులో భాగస్వామిని చేయడం అంతకంటే దోషమని హెచ్చరించింది.

గణతంత్రానికి అప్పటికి నాలుగేళ్లు. ప్రజల సొమ్ము తినేవాడిని పట్టుకోవడానికి ప్రభుత్వం ఎంతవరకు మోసం చేయవచ్చు అన్న ప్రశ్న అంత తొందరగా ఎదురైంది. ఏడు దశాబ్దాలు దాటినా దానికి తుది సమాధానం దొరకలేదు. ఈలోగా ఆ ప్రశ్నను మోసుకొచ్చిన ఇంగ్లీషు మాటలు మాత్రం భారత రాజకీయాల నిత్య వ్యవహారంలో స్థిరపడిపోయాయి. ట్రాప్, స్టింగ్, డికాయ్, ఎంట్రాప్‌మెంట్, హనీట్రాప్. తెలుగు పత్రికలో 'ఏసీబీ వలలో' అన్న శీర్షిక లేని వారం ఉండదు. ఈ మాటలు ఎక్కడ పుట్టాయో, ఎవరి చేతుల మీదుగా ఇక్కడికి వచ్చాయో తెలిస్తే, వాటి వెనుక ఉన్న అధికారపు స్వభావం కూడా కొంత తెలుస్తుంది.

వేట నుంచి వచ్చిన మాటలు

మోసానికి సంబంధించిన ఇంగ్లీషు మాటల్లో చాలా వాటికి పుట్టినిల్లు అడవి, చెరువు, గాలి. 'ట్రాప్' ప్రాచీన ఇంగ్లీషు మాట. జంతువు కాలు వేసినప్పుడు పట్టేసే సాధనం దాని తొలి అర్థం. 'బెయిట్' స్కాండినేవియా నుంచి వచ్చిన వారి భాషది. కరవడానికి ప్రేరేపించడం అన్నది దాని మూలార్థం. అంటే ఎరలోనే కాటు ఉంది. కాటు వేసేది మాత్రం వేటగాడు కాదు, వేటకు గురయ్యే జీవి. 'లూర్' డేగల వేటది. ఎగిరిపోయిన డేగను తిరిగి రప్పించడానికి వేటగాడు తాడుకు కట్టి తిప్పే ఈకల గుత్తికి ఆ పేరు.

'డికాయ్' కథ మరింత ఆసక్తికరం. డచ్చి భాషలో 'కోయ్' అంటే పంజరం. హాలండ్‌లో చెరువుల పక్కన వలల సొరంగాలు కట్టి, మచ్చిక చేసిన బాతులను నీళ్లలో వదిలి, వాటిని చూసి దిగే అడవి బాతులను పట్టేవారు. ఆ పద్ధతి ఇంగ్లండుకు వెళ్లింది, మాట కూడా వెంట వెళ్లింది. క్రమంగా అది పంజరాన్ని వదిలి, తన జాతిని పంజరంలోకి రప్పించే పక్షికి పేరయింది. అమెరికాలో పోలీసులకు వేగు చెప్పేవాడిని 'స్టూల్ పిజన్' అంటారు. తోటి పక్షులను ఆకర్షించే ఎర పావురం ఆ మాటలో కనిపిస్తుంది.

ఈ విషయంలో తెలుగు భాషేమీ పేదది కాదు. వల, ఉచ్చు, ఉరి, బోను, గాలం, ఎర, మాటు అన్నవి ఇప్పటికీ నోళ్లలో నలుగుతున్నాయి. ఏనుగును పడవేయడానికి తవ్వే గోతిని ఓదం అన్నారు. మచ్చిక చేసి, తోటి జంతువులను రప్పించడానికి వాడే మృగాన్నో పక్షినో దీమం అన్నారు. డచ్చి బాతుకు, తెలుగు దీమానికి పని ఒక్కటే. అయితే తేడా ఒకటి ఉంది. దీమం నిఘంటువులో నిలిచిపోయింది. డికాయ్ మాత్రం పోలీసు స్టేషన్‌కు, అక్కడి నుంచి కోర్టుకు, టీవీ తెరకు నడిచింది. వేటగాడి పరికరం పేరు రాజ్యం చేతి పరికరానికి పేరుగా మారడమే ఆ మాట ప్రయాణంలోని సారాంశం.

ఈ ప్రయాణంలో గమనించవలసిన సూక్ష్మం మరొకటి ఉంది. వేటలో ఎరను మింగిన చేపకు నేరం అంటగట్టరు. చట్టం ఉచ్చు పన్నినప్పుడు మాత్రం, ఎర మింగడమే నేరం. కనుక ఎర ఎంత పెద్దది, ఎవరు వేశారు, ఆకలి ముందే ఉందా లేక పుట్టించారా అన్న ప్రశ్నలు వేటగాడికి అక్కరలేదు గానీ న్యాయమూర్తికి తప్పనిసరి.

ఎదురు దిశలో వెళ్లిన మాట

ఇంగ్లీషు నుంచి మనకు ఇన్ని మాటలు వచ్చాయి. మన నుంచి ఇంగ్లీషుకు ఒకటి వెళ్లింది. హిందీలో 'ఠగ్' అంటే మోసగాడు. సంస్కృతంలో కప్పిపుచ్చడం అన్న అర్థం గల ధాతువు దానికి మూలమని భాషా శాస్త్రజ్ఞులు చెబుతారు. బాటసారులతో స్నేహం నటించి, నమ్మకం సంపాదించి, దారిలో గొంతు బిగించి దోచుకునే ముఠాలకు పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల పాలకులు ఆ పేరు పెట్టారు. నిజాం కొలువులో పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్ 1839లో 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' అన్న నవలను ప్రచురించాక లండన్ పాఠకులకు ఆ మాట సుపరిచితమైంది. నేడు ఇంగ్లీషులో 'థగ్' అంటే రౌడీ. మోసం అన్న అసలు అర్థం జారిపోయి, దౌర్జన్యం మాత్రమే మిగిలింది.

ఠగ్గులను అణచిన విలియం స్లీమన్ పద్ధతిని నేటి పాఠకులు తప్పక గమనించాలి. పట్టుబడిన వారిలో కొందరికి ప్రాణభిక్ష పెట్టి, వారిని అప్రూవర్లుగా మార్చి, వారి వాంగ్మూలాలతో మిగిలిన వారిని పట్టడం ఆయన విధానం. అది దీమం పద్ధతే. 1836 నాటి 30వ చట్టం మరో అడుగు ముందుకు వేసింది. ఫలానా రోజున ఫలానా హత్య చేశాడని రుజువు కానక్కరలేదు, ఠగ్గుల ముఠాకు చెందినవాడని తేలితే చాలు, యావజ్జీవ శిక్ష. నేరం చేసిన మనిషి స్థానంలో నేరస్థ స్వభావం గల మనిషి అన్న భావన చట్టంలోకి వచ్చింది. అదే భావన 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో సమూహాల మీదికి విస్తరించింది. ఆ చట్టం నీడ తెలుగు నేల మీద ఎంత పొడవుగా పడిందో చెప్పడానికి స్టువర్టుపురం అన్న ఒక్క పేరు చాలు. సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకల కుటుంబాలను ఉంచిన ఆ స్థావరం పేరు, స్వాతంత్ర్యం తర్వాత కూడా దశాబ్దాల తరబడి సినిమాల్లో, సామెతల్లో దొంగతనానికి మారుపేరుగానే మిగిలింది.

ఠగ్గుల గురించి కంపెనీ అధికారులు రాసిన దానిలో ఎంత వాస్తవం, ఎంత కల్పన అన్న విషయమై చరిత్రకారుల మధ్య వాదోపవాదాలు సాగుతూనే ఉన్నాయి. వివాదం లేని సంగతి మాత్రం ఒకటి ఉంది. ఠగ్గీ, డెకాయిటీ శాఖ పేరుతో ఏర్పడిన ఆ వ్యవస్థ ఠగ్గులు కనుమరుగైన తర్వాత కూడా రద్దు కాలేదు. 1904లో దాని స్థానంలో కేంద్ర నేర గూఢచార విభాగం వచ్చింది. కర్జన్ కాలపు ఆ విభాగమే ఇంటెలిజెన్స్ బ్యూరోకు పూర్వరూపం. బాటసారుల ప్రాణాలు కాపాడటానికి అల్లిన వల, కాలక్రమంలో జాతీయోద్యమ నాయకుల కదలికలను కనిపెట్టే వల అయింది. ఒకసారి అల్లిన వలను ఏ రాజ్యమూ మడిచి దాచిపెట్టదు.

చట్టం ఒప్పుకున్న ఉచ్చు

స్వతంత్ర భారతానికి లంచగొండుల వేట కూడా వలస పాలన నుంచే సంక్రమించింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధ సరఫరాల కొనుగోళ్లలో అవినీతిని అరికట్టడానికి 1941లో స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ ఏర్పడింది. 1946లో దానికి చట్టం వచ్చింది, 1947లో అవినీతి నిరోధక చట్టం వచ్చింది. 1963లో సీబీఐ, 1964లో సంతానం కమిటీ సిఫార్సుల ఫలితంగా కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఆవిర్భవించాయి. ఆంధ్రప్రదేశ్ అవినీతి నిరోధక శాఖ 1961 నాటిది.

ఉచ్చు ఎంతవరకు ధర్మం అన్న ప్రశ్నపై సుప్రీంకోర్టు తొలి దశాబ్దంలోనే గట్టిగా ఆలోచించింది. 1956లో రామ్‌జనమ్ సింగ్ కేసులో జస్టిస్ వివియన్ బోస్ ఒక గీత గీశారు. నేరం చేయాలన్న ఉద్దేశం ముందే ఉన్నవాడిని కనిపెట్టి పట్టడం ఒకటి. అటువంటి ఆలోచనే లేనివాడిని తట్టుకోలేనంత ప్రలోభానికి గురిచేసి నేరంలోకి దింపడం మరొకటి. మనిషి సహజ దౌర్బల్యాన్ని చట్టపు కాపలాదారులే వేటాడరాదన్నది ఆయన ఆలోచన. అయితే రెండేళ్లు తిరక్కుండానే, 1958లో బసావన్ సింగ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆచరణకు కొంత వెసులుబాటు ఇచ్చింది. ఉచ్చులో పాల్గొన్న సాక్షులను నేరంలో భాగస్వాములుగా చూడనక్కరలేదు, వారి మాటను ఆసక్తిగల సాక్షి మాటగా పరీక్షించి నమ్మవచ్చు అని చెప్పింది. నైతిక హెచ్చరిక తీర్పుల్లో నిలిచింది, ఉచ్చు రోజువారీ పని అయింది.

ఇతర దేశాలు ఇదే ప్రశ్నకు వేరు వేరు జవాబులు చెప్పుకున్నాయి. మద్యనిషేధ కాలపు అమెరికాలో ఒక ప్రభుత్వ ఏజెంటు పర్యాటకుడి వేషంలో నార్త్ కరోలినాలోని ఒక ఇంటికి వెళ్లి, తానూ మొదటి ప్రపంచ యుద్ధపు సైనికుడినేనని చెప్పి, పదేపదే అడిగి సారా తెప్పించుకుని, ఆపై కేసు పెట్టించాడు. 1932లో సోరెల్స్ కేసుగా పేరొందిన ఆ వివాదంలో అమెరికా సుప్రీంకోర్టు 'ఎంట్రాప్‌మెంట్'ను నిందితుడి రక్షణగా గుర్తించింది. ఇంగ్లండు ఆ రక్షణను ఒప్పుకోలేదు గానీ, రాజ్యమే పుట్టించిన నేరం మీద విచారణ సాగించడం న్యాయ ప్రక్రియను దుర్వినియోగం చేయడమేనని 2001లో తేల్చింది. భారత శిక్షాస్మృతిలో ఎంట్రాప్‌మెంట్ అన్న పేరుతో ప్రత్యేక రక్షణ నాడూ లేదు, నేడూ లేదు. ఇక్కడ నిందితుడికి దిక్కు న్యాయమూర్తి విచక్షణ ఒక్కటే.

గులాబీ రంగు నీళ్లు

ఏసీబీ ట్రాప్ పనితీరు తెలుగు రాష్ట్రాల్లో అందరికీ కంఠతా వచ్చినదే. బాధితుడు ఫిర్యాదు చేస్తాడు. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు, వాటి నంబర్లు పంచనామాలో నమోదు చేస్తారు. ఇద్దరు మధ్యవర్తులు వెంట ఉంటారు. అధికారి డబ్బు తీసుకున్నాక అతని వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచుతారు. నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ సీసా కోర్టుకు వెళుతుంది.

రంగు మారిన నీళ్లు డబ్బు ముట్టుకున్నాడని మాత్రమే చెబుతాయి, అడిగాడని చెప్పవు. ఈ చిన్న వ్యత్యాసం మీద దేశమంతటా వేలాది కేసులు ఆధారపడి ఉంటాయి. తెలుగు నేల నుంచి వెళ్లిన రెండు అప్పీళ్లే ఇందులో మలుపులు అయ్యాయి. ఒక చౌక ధరల దుకాణం డీలర్ నుంచి 250 రూపాయలు లంచం తీసుకున్నారన్న అభియోగం ఒక మండల రెవెన్యూ అధికారి మీద పడింది. కోర్టులో ఫిర్యాదుదారు తన మాట తానే కాదన్నాడు. లంచం అడిగినట్టు రుజువు కానిదే కేవలం నోట్లు దొరకడం నేరం కాదని 2014లో సుప్రీంకోర్టు ఆ అధికారిని విడుదల చేసింది. హైదరాబాద్‌లోని సాంకేతిక విద్యాశాఖకు సంబంధించిన మరో కేసులో విచారణకు ముందే ఫిర్యాదుదారు మరణించాడు. 2015లో ఆ కేసూ వీగిపోయింది. చివరకు 2022 డిసెంబర్ 15న నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఒక మధ్యేమార్గం చెప్పింది. అడగడం, తీసుకోవడం రెండూ రుజువు కావలసిందే. అయితే ఫిర్యాదుదారు మరణించినా, ఎదురు తిరిగినా, ఇతర సాక్ష్యాల ద్వారా, పరిస్థితుల ద్వారా ఆ రుజువు చేయవచ్చు.

ఈ కేసుల్లోని మొత్తాలను గమనిస్తే ఒక చేదు నిజం బోధపడుతుంది. 1995 నాటి 250 రూపాయల లంచం మీద పందొమ్మిదేళ్లు వ్యాజ్యం నడిచింది. ఉచ్చు స్వభావమే అంత. చేతి నుంచి చేతికి నోట్లు మారే చోట మాత్రమే అది పనిచేస్తుంది. తహసీల్దారు కార్యాలయం, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం, విద్యుత్ శాఖ సెక్షన్ ఆఫీసు, మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగం దాని సహజ క్షేత్రాలు. విధాన నిర్ణయాన్నే అమ్ముకునే చోట నోట్లకు పొడి రాసే అవకాశం ఉండదు.

2018లో అవినీతి నిరోధక చట్టానికి చేసిన సవరణ ఈ అసమానతను అక్షరాలా చట్టంలోకి ఎక్కించింది. కొత్తగా చేర్చిన 17ఎ సెక్షన్ ప్రకారం, అధికారి తన విధి నిర్వహణలో తీసుకున్న నిర్ణయంపై దర్యాప్తు చేయాలంటే సంబంధిత ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి. లంచం తీసుకుంటుండగా అక్కడికక్కడే పట్టుబడిన వారికి మాత్రం ఈ రక్షణ వర్తించదు. నిజాయితీగా నిర్ణయాలు తీసుకునే అధికారులకు భయం ఉండరాదన్న వాదనలో కొంత బలం లేకపోలేదు. అయితే ఫలితం ఏమిటి? నోటు పట్టుకున్న గుమస్తాకు ఉచ్చు సిద్ధంగా ఉంటుంది. సంతకంతో కోట్లు కదిలించిన వాడి జోలికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వం తలుపు తట్టాలి.

తేలు కాటు

'స్టింగ్' అంటే తేలో తేనెటీగో కుట్టడం. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో అది మోసగాళ్ల పరిభాషలో ఘరానా టోకరాకు పేరయింది. 1973లో వచ్చిన 'ది స్టింగ్' అనే హాలీవుడ్ చిత్రం ఆ మాటకు ప్రపంచ ప్రసిద్ధి తెచ్చింది. మోసగాళ్ల మాటను పోలీసులు తీసుకున్నారు, పోలీసుల నుంచి పాత్రికేయులు తీసుకున్నారు.

2001 మార్చి 13న తెహల్కా విడుదల చేసిన టేపులతో భారత రాజకీయాలకు ఆ కాటు తగిలింది. వెస్ట్ ఎండ్ ఇంటర్నేషనల్ అన్న లేని ఆయుధ కంపెనీ పేరుతో పాత్రికేయులు రక్షణ శాఖ చుట్టూ తిరిగారు. కెమెరాకు చిక్కిన వారిలో అందరికంటే పెద్ద పదవిలో ఉన్నది బీజేపీ జాతీయ అధ్యక్షుడు బంగారు లక్ష్మణ్. ఆ పార్టీకి అధ్యక్షుడైన తొలి దళితుడు, హైదరాబాద్ వాడు. లక్ష రూపాయలు తీసుకుంటూ కనిపించిన దృశ్యం దేశమంతా చూసింది. ఆయన పదవి వదులుకున్నారు. రక్షణ మంత్రి జార్జ్ ఫెర్నాండెజ్ రాజీనామా చేసి, ఆ ఏడాదే తిరిగి మంత్రివర్గంలోకి వచ్చారు. 2012లో ఢిల్లీలోని ప్రత్యేక కోర్టు లక్ష్మణ్‌కు నాలుగేళ్ల శిక్ష వేసింది. 2014లో ఆయన మరణించారు.

ఆ ఉదంతంలో రెండు అసౌకర్యమైన నిజాలు పక్కపక్కనే ఉన్నాయి. రక్షణ కొనుగోళ్లలో దళారుల ప్రమేయం ఎంత లోతుగా ఉందో అంతకు ముందు ఏ పార్లమెంటరీ చర్చా అంత స్పష్టంగా చూపలేదు. అదే సమయంలో, అధికారులను లొంగదీయడానికి సెక్స్ వర్కర్లను సైతం వినియోగించారన్న సంగతి కొద్ది నెలల్లోనే బయటపడి, పాత్రికేయం గీత దాటిందన్న విమర్శకు బలమిచ్చింది. లేని కంపెనీ, లేని సరుకు, లేని ఒప్పందం. నిజమైనది ఆశ ఒక్కటే. ఆ ఆశను శిక్షించవచ్చా అన్నది వివియన్ బోస్ అడిగిన ప్రశ్నే.

2005 డిసెంబర్‌లో ప్రసారమైన ఆపరేషన్ దుర్యోధనలోనూ లేని సంస్థే ఎర అయింది. పార్లమెంటులో ప్రశ్నలు అడగడానికి డబ్బు తీసుకున్నారన్న కారణంగా డిసెంబర్ 23న లోక్‌సభ నుంచి పది మందిని, రాజ్యసభ నుంచి ఒకరిని బహిష్కరించారు. 2007 జనవరిలో సుప్రీంకోర్టు ఆ బహిష్కరణలను సమర్థించింది. పన్నెండేళ్ల ముందు, 1993లో పి.వి. నరసింహారావు ప్రభుత్వాన్ని అవిశ్వాసం నుంచి గట్టెక్కించడానికి ఎంపీలకు డబ్బు ముట్టిందన్న కేసులో, లంచం తీసుకుని ఓటు వేసిన సభ్యులకు రాజ్యాంగ రక్షణ ఉందని అదే న్యాయస్థానం 1998లో తీర్పు చెప్పింది. ఆ రక్షణ 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టివేసే దాకా కొనసాగింది. ప్రభుత్వాన్ని నిలబెట్టిన ఓటుకు పుచ్చుకున్న సొమ్ము విషయంలో ఇరవై ఆరేళ్లు కవచం ఉంది. ఉత్తుత్తి ప్రశ్నకు పుచ్చుకున్న వేల రూపాయల విషయంలో పదకొండు రోజుల్లో పదవి పోయింది. కెమెరా ఉండటానికీ లేకపోవడానికీ ఉన్న తేడా అది.

స్టింగ్ చేసినవాడి స్థితి ఏమిటి? ఆపరేషన్ దుర్యోధన పాత్రికేయులపై పెట్టిన కేసును 2010లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. అవినీతిని బయటపెట్టడం పౌరుడి విధి అని భావించింది. 2003లో ఛత్తీస్‌గఢ్ ఎన్నికల ముంగిట కేంద్ర సహాయ మంత్రి దిలీప్ సింగ్ జూదేవ్‌ను చిక్కించిన టేపుల వెనుక ఉన్నవారికి మాత్రం 2014లో సుప్రీంకోర్టులో అటువంటి ఊరట లభించలేదు. స్టింగ్ అన్నది భారత చట్టం గుర్తించిన పద్ధతి కాదని, చేసినవారి ఉద్దేశం ఏమిటో విచారణలో తేలాలని ధర్మాసనం చెప్పింది. ప్రజాహితమా, ప్రత్యర్థిని దెబ్బతీసే పన్నాగమా అన్నదే గీటురాయి.

ఆ గీటురాయి ఎందుకు అవసరమో 2007 ఆగస్టులో ఢిల్లీలో తెలిసింది. ఒక వార్తా ఛానల్ ప్రసారం చేసిన స్టింగ్‌ను నమ్మి, ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయినిపై జనం దాడి చేసి బట్టలు చించారు. టేపు బూటకమని తర్వాత తేలింది. వల విసిరే చేతికి జవాబుదారీతనం లేకపోతే చిక్కేది చేపే కానక్కరలేదు.

రెండు రాష్ట్రాలు, రెండు వలలు

ఎమ్మెల్యేలను ఆకట్టుకునే వ్యవహారానికి తెలుగు రాజకీయాలు 'ఆపరేషన్ ఆకర్ష్' అని పేరు పెట్టుకున్నాయి. డేగను రప్పించే ఈకల గుత్తికి ఇంతకంటే చక్కని అనువాదం ఉండదు. ఆకర్షించేవాడిని పట్టడానికి ఉచ్చు పన్నితే ఏమవుతుందో తెలంగాణ రెండుసార్లు చూసింది.

2015 మే 31న, శాసనమండలి ఎన్నికలో ఓటు కోసం నామినేటెడ్ ఎమ్మెల్యే స్టీఫెన్‌సన్‌కు 50 లక్షల రూపాయలు ఇవ్వజూపారన్న అభియోగంపై తెలుగుదేశం ఎమ్మెల్యే రేవంత్ రెడ్డిని తెలంగాణ ఏసీబీ అరెస్టు చేసింది. దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. బదులుగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫోన్ల ట్యాపింగ్ ఆరోపణ చేసింది. ఉమ్మడి రాజధానిలో రెండు ప్రభుత్వాల పోలీసు యంత్రాంగాలు ఎదురెదురుగా నిలిచాయి. 2023 డిసెంబర్‌లో రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యేనాటికీ ఆ కేసులో తుది తీర్పు రాలేదు.

2022 అక్టోబర్ 26న మొయినాబాద్ సమీపంలోని ఫామ్‌హౌస్‌లో, టీఆర్ఎస్ ఎమ్మెల్యేలను బీజేపీ వైపు లాగేందుకు బేరమాడారన్న అభియోగంపై ముగ్గురిని సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. బీజేపీ తమకు సంబంధం లేదన్నది. దర్యాప్తు నడుస్తుండగానే ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ఆ వీడియోలను విలేకరుల సమావేశంలో విడుదల చేశారు. డిసెంబర్ 26న హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని రద్దు చేసి కేసును సీబీఐకి అప్పగించింది. దర్యాప్తు సాక్ష్యాలు ముఖ్యమంత్రి చేతికి ఎలా వెళ్లాయన్నది ఆ వివాదంలో ముఖ్యాంశమైంది. 2023 ఫిబ్రవరిలో డివిజన్ బెంచ్ కూడా ఆ నిర్ణయాన్నే సమర్థించింది. రాష్ట్ర పోలీసులు పట్టిన వల ఒక పార్టీ చేతిలో ఉందని ఒకరు, కేంద్ర సంస్థకు వెళ్లిన వల మరో పార్టీ చేతిలో పడిందని ఇంకొకరు వాదించారు. నేరం జరిగిందా లేదా అన్న మూల ప్రశ్న ఆ వాదోపవాదాల వెనుక మరుగున పడిపోయింది.

ఈ రెండు కేసుల్లో ఎవరు దోషి అన్నది న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. రాజకీయంగా తేలిపోయిన సంగతి మాత్రం ఒకటి ఉంది. ఉచ్చు పన్నే సంస్థ అధికార పక్షం అదుపులో ఉన్నంతకాలం, పట్టుబడినవాడు నిజంగా దోషి అయినా ప్రజల్లో సగం మంది నమ్మరు, నిర్దోషి అయినా మిగతా సగం నమ్మరు. ఉచ్చుకు బలం దాని రహస్యంలో కాదు, దానిని పన్నిన చేతి మీద ఉన్న విశ్వాసంలో ఉంది.

ఉచ్చు పట్టలేనిది

ఉచ్చులు అక్కరలేదని ఎవరూ అనలేరు. పహాణీ కాగితం కోసం తహసీల్దారు కార్యాలయం మెట్లెక్కి విసిగిపోయిన రైతుకు ఏసీబీ ఫోన్ నంబరే చివరి ఆసరా. లంచం ఇవ్వడం కూడా నేరమన్న 2018 సవరణ, బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే రక్షణ కల్పించింది. దర్యాప్తు సంస్థకు ముందే చెప్పి ఇచ్చినవాడికి నేరం అంటదని కూడా స్పష్టం చేసింది. ఆ ఆసరాను బలహీనపరిచే ఏ వాదనా పేదవాడి పక్షాన నిలవదు.

కాని ఉచ్చునే అవినీతి నిర్మూలనగా పొరబడటం వల్ల నష్టం పెద్దది. 2018 నుంచి 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసే వరకు నడిచిన ఎన్నికల బాండ్ల పథకంలో ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో ఓటరుకు తెలియకుండా ఉండేందుకు చట్టమే తెర కట్టింది. బ్యాంకు ద్వారా, రశీదుతో, నిబంధన ప్రకారం నడిచిన ఆ లావాదేవీల్లో ఏ నోటుకూ పొడి రాయలేరు. దానిని ఛేదించినది రహస్య కెమెరా కాదు, ఉచ్చు కాదు. బహిరంగ న్యాయస్థానంలో పౌరులు వేసిన పిటిషన్, వివరాలు వెల్లడించి తీరాలన్న ఆదేశం.

వేటగాడికి చీకటి కావాలి, మాటు కావాలి, దీమం కావాలి. ప్రజాస్వామ్యానికి ముందుగా కావలసింది వెలుగు. ఫైలు ఎక్కడ ఆగిందో, కాంట్రాక్టు ఎవరికి వెళ్లిందో, పార్టీకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో పౌరుడు అడగకుండానే కనిపించే ఏర్పాటు ఉంటే ఉచ్చుల అవసరం చాలా వరకు తగ్గుతుంది. ఆ ఏర్పాటు లేని చోట ప్రతి ప్రభుత్వమూ వల బలంగా ఉందని చాటుకుంటుంది, గులాబీ రంగు సీసాలను లెక్కపెట్టి చూపుతుంది. కాన్‌స్టిట్యూషన్ హౌస్ ఉదంతం నాడు న్యాయస్థానం చేసిన హెచ్చరిక పోలీసులకు మాత్రమే ఉద్దేశించినది కాదు. చట్టం మోసాన్ని ఆయుధంగా చేపట్టినప్పుడు ఆ ఆయుధం మీద నిఘా ఎవరిది అని అది అడిగింది. పార్లమెంటు, శాసనసభలు ఆ ప్రశ్నకు ఇంకా జవాబు బాకీ ఉన్నాయి.